నలభైకి పద్దెనిమిది

గర్ల్స్ హాస్టల్, రెండో అంతస్తు, చివరి గది
ఆగస్టు మొదటివారం

నాన్నకు,

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అమ్మ అడుగుతుంది. ఫోన్లో నేను కాస్త గొంతు పెంచగానే నువ్వు "ఇదిగో, మీ అమ్మ మాట్లాడుతుందట" అని ఆవిడ చేతిలో పెట్టేస్తావు. కాగితాన్ని అలా తప్పించలేవు. మొత్తం చదవాల్సిందే.

ఇక్కడ క్రెడిట్ల గది అని ఒకటుంది. నిజానికి అది గది కాదు, మెట్ల కింద జాగాకి తలుపు పెట్టారు. వేరే కాలేజీల నుంచి నేరుగా మూడో సంవత్సరంలోకి వచ్చినవాళ్ళమంతా దాని బయట బెంచీ మీద కూర్చుంటాం. పాత కాలేజీలో చదివిన సబ్జెక్టుల్లో ఏవి ఇక్కడ చెల్లుతాయో, ఏవి చెల్లవో తేల్చేది లోపల ఉన్న ఒక మేడమ్. ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. ఏం అడిగినా "రేపు" అంటుంది కాబట్టి రేపు మేడమ్ అంటాం. ఒకరోజు సిలబస్ కావాలంది. ఇంకోరోజు సిలబస్‌లో ప్రతి పేజీ మీదా ముద్ర కావాలంది. అమ్మ మన జిరాక్స్ షాపులో కూర్చుని కాపీలు తీసి, ముద్రలు వేయించి పంపిన కట్ట చూసి మేడమ్ ముఖం వాడిపోయింది. ఇక రేపు అనడానికి కారణం దొరకలేదు.

తేలింది నాన్నా. ఇక్కడ సీటు నిలవాలంటే అరవై క్రెడిట్లు చెల్లాలి. నావి యాభై నాలుగే చెల్లాయి. లెక్కలు చెల్లాయి, మెటీరియల్స్ చెల్లింది, ఆఖరికి నిద్రపోతూ విన్న ఎకనామిక్స్ కూడా చెల్లింది. రెండే రెండు కొట్టేశారు. సర్వేయింగ్ ఒకటో భాగం, రెండో భాగం. రెండింట్లోనూ సి గ్రేడు ఉందట, బి కన్నా తక్కువైతే తీసుకోరట. ఆ రెండూ కలిస్తే ఎనిమిది క్రెడిట్లు. అవి ఉంటే గట్టెక్కేదాన్ని.

సెప్టెంబరు నెలాఖరుదాకా సీటు తాత్కాలికం. ఈలోగా ఆరు క్రెడిట్లు ఎక్కడినుంచైనా రాకపోతే సీటు వెనకున్నవాళ్ళకి వెళ్తుంది. రెండో సంవత్సరంలో వేయండి అని కూడా అడిగాను. ట్రాన్స్‌ఫర్ వాళ్ళకి అది లేదట. అందాకా కోర్సులు రిజిస్టర్ చేసుకోనివ్వరు. క్లాసుకి రోజూ వెళ్తున్నాను. లెక్చరర్ హాజరు పిలుస్తుంటే ఒక్కొక్కరూ పలుకుతారు, నా పేరు రాదు, పుస్తకం మూసేస్తాడు. కూర్చుని ఉన్నాను కానీ లేను.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. బయటివాళ్ళ దగ్గర నేర్చుకున్నవన్నీ నిలబడ్డాయి, ఇంట్లో మనిషి చెప్పినవే పోయాయి. మేడమ్ "సర్వేయింగ్ ఎవరు చెప్పారమ్మా మీకు" అని అడిగితే తల కొట్టేసినట్టయింది. మళ్ళీ పరీక్ష రాసుకునే దారేదైనా మన కాలేజీలో ఉందా? నీ సబ్జెక్టులో నేను నిజంగా అంత మొద్దునా?

నీ
అమ్మాయి

---

ఇల్లు, వరండా
ఆగస్టు రెండోవారం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. మార్కులే జీవితం కాదు. సి అంటే సగటు. సగటుగా ఉండటం నేరం కాదు. ప్రపంచంలో వంతెనలన్నీ ఫస్టు వచ్చినవాళ్ళే కట్టలేదు. నువ్వు అనవసరంగా మనసు పాడుచేసుకుంటున్నావు.

మళ్ళీ పరీక్ష గురించి అడిగావు. అరవై మార్కుల రాత పరీక్షకైతే ఆ సౌకర్యం ఉంది. అందులో నీకు మంచి మార్కులే వచ్చాయి, అది బయటివాళ్ళు దిద్దినది. తక్కువ వచ్చింది నలభై మార్కుల వైవాలోనూ ఫీల్డు పనిలోనూ. దానికి మళ్ళీ పెట్టడం లేదు. లెక్చరర్ చూసి వేసిందే ఆఖరు.

సీటు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఇక్కడ మూడో సంవత్సరంలో నీ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఈ ఏడు పోయినా వచ్చే ఏడు చేరవచ్చు. రోడ్ల సబ్జెక్టు నేనే చెప్తాను. ఆ కాలేజీలో వంతెనల శాఖ గొప్పదని నువ్వు ఎగిరిపడ్డావు. నేను అప్పుడే చెప్పాను, వెళ్ళేముందు నియమాలు చదువుకోమని.

వేళకి తిను. బెంచీ మీద కూర్చుని కాలం వృథా చేయకుండా లైబ్రరీలో చదువుకో.

ఇట్లు
నాన్న

(బుజ్జీ, నేను అమ్మని. ఈ ఉత్తరం మీ నాన్న నాలుగుసార్లు చింపి రాశారు. మామూలుగా ఆయనకి ఒకసారి చాలు. నువ్వు మొద్దువి కాదు. ఎందుకంటున్నానో ఆయన్నే అడుగు. నా నోటితో చెప్పనని మాటిచ్చి చచ్చాను.)

---

హాస్టల్
ఆగస్టు చివర

నాన్నకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బుద్ధిగానే ఉన్నాను. సగటు మనిషిని అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లైబ్రరీకి కూడా వెళ్ళాను.

మూడో రోజు మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్ళారు. ఇక్కడ సర్వేయింగ్ చెప్పే ఆయన ఎండ ఉన్నా లేకపోయినా టోపీ తీయడు. హాజరు పట్టీలో లేను కాబట్టి నేను పక్కన నిలబడ్డాను. లెవెల్ యంత్రాన్ని స్టాండు మీద నిలబెట్టడానికి ఒక గుంపు కింద మీదా పడుతోంది. నీటి బుడగ మధ్యకి రావడం లేదు. చూసి చూసి నా చేతులు ఊరుకోలేదు. వెళ్ళి కాళ్ళు సరిచేసి, మరలు తిప్పి, బుడగ నిలబెట్టి ఇచ్చాను. టోపీ సార్ నన్ను పిలిచి ఒకటి తర్వాత ఒకటి అడుగుతూ పోయాడు. గాలి వేస్తుంటే రీడింగు ఎలా చూస్తావు, మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చాక తేడా వస్తే ఏం చేస్తావు, చెట్టు అడ్డమొస్తే గీత ఎలా సాగదీస్తావు. అన్నీ చెప్పాను. చివరికి ఆయన టోపీ వెనక్కి నెట్టి, "ఇంత తెలిసిన పిల్లకి సి ఎవడిచ్చాడమ్మా" అన్నాడు.

మా నాన్న అని చెప్పలేకపోయాను. గుర్తులేదు సార్ అన్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మ ఏదో అడగమంది. అడుగుతున్నాను. నా వైవా రోజు నాకు బాగా గుర్తుంది. నీ పక్కన హైడ్రాలిక్స్ మాస్టారు కూర్చున్నారు. ఆయన అడిగిన ప్రతిదానికీ చెప్పాను. ఆయన తల ఊపారు. నువ్వు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. తర్వాత నలభైకి పద్దెనిమిది వచ్చాయి. రెండో భాగంలో పదిహేడు. ఎందుకు వచ్చాయి?

నీళ్ళు నమలకుండా చెప్పు. మార్కులే జీవితం కాదని మాత్రం రాయకు.

అమ్మాయి

---

ఇల్లు
సెప్టెంబరు మొదటివారం

అమ్మాయికి,

నీళ్ళు నమిలే అలవాటు నాకు లేదు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అడిగావు.

అవును, తగ్గించాను. మొదటి భాగంలో నీకు ముప్పై అయిదు రావాలి. పద్దెనిమిది వేశాను. రెండో భాగంలో ముప్పై నాలుగు రావాలి. పదిహేడు వేశాను. రెండుసార్లూ సగానికి తెచ్చాను. మొహమాటానికి ఒకటో రెండో తీసేస్తే నాటకమంటారు. సగం తీసేస్తే ఇంకెవరూ మాట్లాడటానికి ఉండదు.

ఎందుకో కూడా చెప్తాను. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి ప్రిన్సిపాల్ గారి అబ్బాయి మా దగ్గరే చదివేవాడు. ప్రతి వైవాలోనూ వాడికే ఎక్కువ. స్టాఫ్ రూములో మేమందరం చాటుగా చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ పెద్దాయన గదిలోకి రాగానే నోళ్ళు మూసేవాళ్ళం. ఆయనకి అది తెలుసు, తెలిసీ తలవంచుకుని వెళ్ళిపోయేవాడు. ఆ రోజే అనుకున్నాను, నా పిల్ల నా క్లాసులో కూర్చుంటే వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వనని. నువ్వు నా సెక్షన్‌లోనే పడ్డావు. అనుకున్న మాట నిలబెట్టుకున్నాను.

నిన్ను ఫెయిల్ చేయలేదు. పాసయ్యేటట్టే చూసుకుని వేశాను. నువ్వు కాలేజీ మారతావని, అక్కడెవరో సి కి ఒక వెల కడతారని నాకేం తెలుసు.

కోపం వస్తుంది నీకు. రానీ. నీకూ ఒక ఉద్యోగం, ఒక పేరు వచ్చాక ఇదంతా తలుచుకుని గర్వపడతావు. మా నాన్న సొంత కూతురికి కూడా తలవంచలేదని పదిమందికీ చెప్పుకుంటావు.

నాన్న

---

క్రెడిట్ల గది బయట
సెప్టెంబరు రెండోవారం

గౌరవనీయులైన సర్వేయింగ్ లెక్చరర్ గారికి,

మీరు గర్వపడమన్నారు. ప్రయత్నించాను. రాలేదు.

మీ క్లాసులో రెండేళ్ళు కూర్చున్నాను. చెయ్యెత్తితే మీరు నా తల మీదుగా వెనక బెంచీకేసి చూసేవారు. ఇంటికొచ్చి అడిగితే "క్లాసులో అడగాలి" అనేవారు. క్లాసులో మళ్ళీ అడిగితే "ఇంట్లో చెప్తా కూర్చో" అనేవారు. మిగతా అందరికీ ఒక మాస్టారు ఉన్నాడు, వాళ్ళ ఇళ్ళలో ఒక నాన్న ఉన్నాడు. నాకు రెండు చోట్లా లేరు. ఫీల్డుకి వెళ్ళినప్పుడు అందరి వంతూ అయ్యేదాకా ఎండలో కొలకర్ర పట్టుకుని నిలబడింది నేను. "ఆ అమ్మాయి పట్టుకుంటుందిలే" అని మీరే అనేవారు. పేరు కూడా పలికేవారు కాదు. ఇదంతా పక్షపాతం లేకపోవడం అని నేను మనసుకి నచ్చజెప్పుకున్నాను. అది కూడా పక్షపాతమేనండీ. నా మీద చూపించారు, అంతే.

మీరు మొదటి రోజు బోర్డు మీద ఏం రాశారో గుర్తుందా? రీడింగు ఎంత ఉంటే అంతే రాయాలి, మనకి కావలసినంత కాదు అని రాశారు. ఫీల్డు బుక్కులో దిద్దిన అంకె ఒక్కటి కనబడితే పేజీ మొత్తం కొట్టేసి, మళ్ళీ ఎండలోకి పంపేవారు. ఒకసారి మా గుంపులో ఒకడు తేడా కనబడకుండా ఉండాలని ఒక అంకె మార్చాడు. "నువ్వు కట్టే రోడ్డు మీద నువ్వు నడుస్తావా రా" అని అందరిముందూ వాడి ముఖం మీద అడిగారు. వాడు మార్చింది ఒక్క అంకె. మీరు కళ్ళతో ముప్పై అయిదు చూసి పద్దెనిమిది అని రాశారు.

ఎవరూ వేలెత్తి చూపకూడదని చేశారు. మంచిదే. వేళ్ళు మీవైపు రాకుండా నా మార్కులు అడ్డం పెట్టారు. నా మార్కులు పెట్టి మీరు మంచిపేరు కొనుక్కున్నారు. కొనేముందు నన్ను ఒక మాట అడగాలని కూడా తోచలేదు. ఒళ్ళు మండిపోతోంది. ఈ బెంచీ మీద నా పక్కన పది మంది ఉన్నారు. ఒకరి కాలేజీ మూతపడింది, ఒకరి సిలబస్ మారింది, ఒకరికి జ్వరమొచ్చి పరీక్ష పోయింది. మీకేమైందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక జ్వరం కూడా లేదు.

ఇప్పుడు పని సంగతి. రేపు మేడమ్‌ని నిలదీశాను. ఆవిడ మొదటిసారి రేపు అనలేదు. పాత కాలేజీ పరీక్షల కమిటీ కూర్చుని, మార్కు తప్పు పడిందని ఒప్పుకుని, సవరించి రాసిస్తే తీసుకుంటామంది. రాత పరీక్షైతే పేపరుంటుంది, ఎవరైనా మళ్ళీ దిద్దుతారు. వైవాకి పేపరు లేదు. అది మీకే తెలుసు. మీరే వెళ్ళి మీ నోటితో చెప్పాలి. నెలాఖరు లోపల.

ఇట్లు
సర్వేయింగ్ ఒకటి, రెండు భాగాలలో సగటు విద్యార్థిని

---

ఇల్లు
సెప్టెంబరు మూడోవారం

పూర్వ విద్యార్థినికి,

మాటలు మితిమీరాయి. తండ్రిని మీరు అని రాయడం మర్యాద అనుకుంటున్నావేమో, అది చెంపదెబ్బ. తగిలింది. సంతోషమేనా?

ముప్పై ఏళ్ళుగా నేను వేసిన మార్కు ఒక్కటి దిద్దలేదు. ఎంతమంది తండ్రులు ఇంటి గుమ్మంలో నిలబడ్డారో మీ అమ్మని అడుగు. అందరినీ వెనక్కి పంపాను. ఇప్పుడు నేనే వెళ్ళి, అయ్యా నా కూతురి మార్కులు పెంచండి అని కమిటీ ముందు నిలబడాలా? నువ్వు ఒక్క క్షణం ఆలోచించావా అది ఎలా కనబడుతుందో? చూశావా, కూతురికి సీటు కావాల్సి వచ్చేసరికి ఈయన నియమం ఏమైందో అంటారు. ఏ మాట పడకూడదని అప్పుడు తగ్గించానో, సరిగ్గా ఆ మాట ఇప్పుడు పడాలి. అప్పుడే ఇచ్చేసి ఉంటే కొంచెం పడేవాణ్ణి. ఇప్పుడైతే మొత్తం పడాలి.

నేను చేసింది నీకు నష్టం చేసింది, ఒప్పుకుంటాను. కానీ తప్పుడు ఉద్దేశంతో చేయలేదు. ఇంకేదైనా అడుగు. ఇది మాత్రం నావల్ల కాదు. వచ్చే ఏడు ఇక్కడ చేరు. నువ్వు నా సెక్షన్‌లో పడకుండా చూస్తాను.

నాన్న

(బుజ్జీ, అమ్మని. మూడు రోజులుగా ఆయనకి భోజనం పెడుతున్నాను, మాట్లాడటం లేదు. ఆయనేమో మంచిపేరు, మంచిపేరు అంటారు. మన షాపు కాలేజీ గేటు ఎదురుగానే ఉందని మర్చిపోయారు. జిరాక్స్ తీసేలోపు పిల్లలు మాట్లాడుకునేవన్నీ నా చెవిన పడతాయి. నిన్న ఒక పిల్ల, "ఆంటీ, అక్కకి సర్వేయింగ్ అస్సలు రాదటగా, సార్ ఇంట్లో కూడా చెప్పేవారు కాదా" అంది. ఏం చెప్పమంటారో మీరే వచ్చి చెప్పండి అని ఆయన్ని అడిగాను. వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.)

---

హాస్టల్
సెప్టెంబరు, నీ ఉత్తరం అందిన మర్నాడే

నాన్నకు,

కొంచెమే రాస్తాను. ఇక అరిచే ఓపిక లేదు.

మేడమ్ తలుపు మీద పేర్లు అంటించింది. నెలాఖరుకి ఖాళీ అయ్యే సీట్లు, వాటికోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. నా సీటుకి ఎదురుచూస్తున్న అమ్మాయి నా పక్కనే బెంచీ మీద కూర్చుంటుంది. ఇవాళ నాకు మంచినీళ్ళ సీసా ఇస్తూ కూడా నా ముఖంలోకి చూడలేకపోయింది. ఆ పిల్లదేం తప్పు లేదు.

నువ్వు రమ్మన్నావు కాబట్టి వస్తాను. కాలేజీకి కాదు, ఇంటికి. అమ్మ పక్కన కూర్చుని జిరాక్స్ తీస్తాను. నీ క్లాసులో గానీ, నీ పక్క సెక్షన్‌లో గానీ కూర్చోను. ఆ గేటు లోపలికి రాను. ఇది బెదిరింపు అనుకోకు, నాకు నిజంగా ఇంకేం చేయాలో తెలియడం లేదు. రెండేళ్ళు సరిగ్గా చదివితే ఏమవుతుందో చూశాను. మళ్ళీ చదవడానికి కారణం కనబడటం లేదు.

నలుగురూ ఏమనుకుంటారో నీకు తెలుసు. నేను ఏమనుకుంటానో ఎప్పుడైనా అనుకున్నావా?

అమ్మాయి

---

స్టాఫ్ రూము
సెప్టెంబరు నాలుగోవారం

అమ్మాయీ,

వెళ్ళాను. ఇవాళ పొద్దున్నే కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్, పరీక్షల ఆఫీసరు, హైడ్రాలిక్స్ మాస్టారు. కుర్చీ వేశారు గానీ నేను నిలబడే మాట్లాడాను. రాత్రంతా బట్టీపట్టింది అంతా అప్పజెప్పాను. నేను తెలిసి తెలిసి తక్కువ వేశానని, ఇంత రావాలని, దీనికి ఏ శిక్ష వేసినా సరేనని చెప్పాను. వాళ్ళు నిర్ఘాంతపోతారనుకున్నాను.

ప్రిన్సిపాల్ పెన్ను మూత తిప్పుతూ, "ఇది మాకు తెలిసిందే కదా మాస్టారూ" అన్నాడు.

"తెలియడమేమిటి?" అన్నాను.

"మీకూ మీ అమ్మాయికీ పడదనుకున్నాం. ఇంటి గొడవ మనకెందుకని ఊరుకున్నాం."

హైడ్రాలిక్స్ మాస్టారు వైపు చూశాను. ఆయన నా కళ్ళలోకి చూడకుండానే అన్నాడు. "వైవా రోజు నేను చెప్పాను సార్, ఇంత బాగా చెప్పిన పిల్లకి పద్దెనిమిదేమిటని. మీరు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో చెప్తే మా ఆవిడ, ఆ పిల్ల వాళ్ళకి సొంత కూతురేనా అని అడిగింది."

నాకు తిక్కరేగింది. ఆ ప్రిన్సిపాల్ గారి అబ్బాయి కథంతా చెప్పాను, ఎందుకలా చేయాల్సి వచ్చిందో అర్థం కావాలి కదా అని. పరీక్షల ఆఫీసరు అంతా విన్నాడు. విని, చాలా నెమ్మదిగా, "నేను ఆ అబ్బాయి క్లాసుమేట్‌ని సార్. వాడు నిజంగానే చదివేవాడు. మేం వాడి నోట్సు చూసి పాసయ్యాం" అన్నాడు.

నీ మార్కులు ఎంతో రాసివ్వమని హైడ్రాలిక్స్ మాస్టారిని అడిగారు. వేరే కాగితం మీద నన్నూ రాయమన్నారు. ఇద్దరం ముప్పై అయిదు, ముప్పై నాలుగు అనే రాశాం. సవరించి సంతకాలు పెట్టారు. రెండింట్లోనూ నీది ఇప్పుడు బి పైనే. ఈ ఏడాది నా సబ్జెక్టుల వైవాకి బయటి మనిషి కూర్చుంటాడు. నేను పక్కన కూడా ఉండకూడదట. ఈ స్టాఫ్ రూములో ఇది రాస్తుంటే వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు మంచినీళ్ళు కావాలా సార్ అని అడుగుతున్నారు. ఒళ్ళు మండుతోంది.

బయటికొచ్చాక చాలా కోపం వచ్చింది. మైదానం చుట్టూ తిరిగాను. మొదట వాళ్ళ ముగ్గురి మీద అనుకున్నాను, తర్వాత నీ మీద అనుకున్నాను. ఎవరి మీదో తేలేసరికి కాళ్ళు నొప్పి పుట్టాయి.

నా మార్కులు పెట్టి మంచిపేరు కొనుక్కున్నావని రాశావు. ఆ పేరు నాకు రానేలేదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కడు కూడా అలా అనుకోలేదు. నీ మార్కులు ఊరికే పోయాయి.

తప్పు నాది. క్షమించమని అడగటానికి ముఖం చెల్లడం లేదు. కాగితం ఇవాళే పంపుతున్నాను.

నాన్న

(బుజ్జీ, అసలు కాగితం కొరియర్‌లో వేశాను. దానికి రెండు కాపీలు తీసి, ఒకటి బీరువాలో పెట్టాను, ఇంకోటి షాపు గోడకి అంటించాను. వచ్చే పిల్లలంతా ఆగి చదువుతున్నారు. మీ నాన్న చూశారు. తీసెయ్యమనలేదు.)

---

హాస్టల్
అక్టోబరు

నాన్నకు,

కాగితం ఆఖరు రోజుకి ముందురోజు చేరింది. రేపు మేడమ్ రెండు వైపులా తిప్పి చూసి, ముద్ర మీద వేలు రుద్ది చూసి, "ఇవాళే చేసేస్తాను" అంది. బయట బెంచీ మీద వాళ్ళు నమ్మలేదు. నా సీటు కోసం చూస్తున్న అమ్మాయికి వేరే శాఖలో దొరికింది. ఆ కబురు విన్నాకే కడుపునిండా తిన్నాను.

కోర్సులు రిజిస్టర్ చేసుకునేసరికి మంచి వేళలన్నీ అయిపోయాయి. శనివారం పొద్దున్నే ల్యాబు, మధ్యాహ్నం మండుటెండలో ఫీల్డు. అందరూ వదిలేసినవే నాకు మిగిలాయి. వంతెనల సబ్జెక్టు మాత్రం దొరికింది. మర్నాడు క్లాసులో లెక్చరర్ నా పేరు పిలిచాడు. పలకడం మర్చిపోయి లేచి నిలబడ్డాను. అందరూ నవ్వారు.

నీకు థాంక్స్ రాద్దామని కాగితం తీశాను. చెయ్యి రాలేదు. నా మార్కులు నాకు ఇచ్చినందుకు థాంక్స్ ఏమిటని అనిపించింది. కమిటీ ముందు నువ్వు నిలబడ్డావని చదివినప్పుడు మాత్రం కూర్చోలేకపోయాను, బాల్కనీలోకి వెళ్ళిపోయాను. నీకు ఎంత కష్టమో నాకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. అయినా కోపం పోలేదు నాన్నా. పోయిందని అబద్ధం చెప్తే అది కూడా దిద్దిన అంకే అవుతుంది. పోయిన రోజు నేనే చెప్తాను. ఈలోగా నువ్వు ఉత్తరాలు రాస్తూనే ఉండు. ఫోన్ మాత్రం అమ్మకి ఇవ్వకుండా ఒకసారి నువ్వే మాట్లాడు.

ఇంకో సంగతి. టోపీ సార్ రోడ్ల సబ్జెక్టులో మొదటి టెస్టు పెట్టాడు. నేనెవరి కూతుర్నో ఆయనకి తెలియదు. ఇరవైకి పదమూడు వచ్చాయి. ఎక్కడ పోయాయో పక్కనే ఎర్ర ఇంకుతో రాశాడు. ఒక చోట గుణకారం తప్పింది. ఒక చోట వంపు లెక్క సగంలో వదిలేశాను. బొమ్మలో ఉత్తర దిక్కు గుర్తు వేయనే లేదు. మా గదిలో పిల్ల పేపరు చూసి, పాపం అని ఓదార్చడానికి వచ్చింది. నేను నవ్వుతుంటే దానికి భయమేసింది.

ఏడు మార్కులు పోయాయి నాన్నా. ఆ ఏడూ నేనే పోగొట్టుకున్నాను.

నీ
అమ్మాయి